జున్ను తిన్నవాళ్ళ లైను

ముందే చెప్పేస్తున్నాను. మా గేదె జున్ను తిని ఊళ్ళో ఒక్కరికీ ఏమీ కాలేదు. జున్ను ఏ పాపమూ ఎరగదు. తప్పంతా మా ఆయన చేతిది, ఆ చేతి మీద ఆయనకున్న గర్వానిది. సంపూర్ణమ్మ మొగుణ్ణి వెనకేసుకు రాకుండా ఊరికి చెప్పుకుంటోందేమిటని మీరనుకుంటే అనుకోండి, నాకేం భయం లేదు.

మైలవరం దాటాక మామిడితోటల మధ్య ఉంటుంది మా ఊరు. మా ఆయన వెంకటప్పయ్య నాకు సొంత మేనత్త కొడుకు. బుద్ధెరిగినప్పటి నుంచీ బావా అనే పిలిచాను. పెళ్ళయి నలభై రెండేళ్ళయినా ఇంకోలా పిలవడానికి నోరు తిరగదు. తోట ఉంది, పొలం ఉంది, అయినా ఆయన గొప్పంతా గొడ్ల వైద్యంలో ఉంది. చదివింది ఏడో తరగతి. గేదె ఈనలేకపోయినా, ఆవు కడుపు ఉబ్బినా, చుట్టుపక్కల అయిదూళ్ళవాళ్ళూ మా గుమ్మంలోకే వస్తారు. "వెంకటప్పయ్యగారి చెయ్యి పడితే చాలండీ" అని ఎవడో ఎప్పుడో అన్నాడు. ఆ మాట ఈయన నెత్తికెక్కి కూర్చుంది. భోజనం ముందు ఆ కుడిచేతిని కడుక్కుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

అదే ఊళ్ళో అంతోనిగారున్నారు. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయనకీ మా ఆయనకీ పడదు. ఎందుకయ్యా అంటే, ఎప్పుడో ఒక ఎద్దు పడిపోతే ఈయన వాము కషాయం పోశాడు, ఆయన సూది వేశాడు, ఎద్దు లేచి నిలబడింది. ఎవరి వల్ల లేచిందన్నది తేలలేదు. ఆ ఎద్దు పోయి ఇరవై ఏళ్ళయింది, తగువు మాత్రం నిక్షేపంలా ఉంది. ఆయన భార్య అమలమ్మ వదినంటే నాకు ప్రాణం. ఆ ఇంటికి మా ఇంటి నుంచి ఏదీ వెళ్ళకూడదని మా ఆయన ఆర్డరు. నేను దొడ్డిదారిన పంపుతూనే ఉన్నాను.

భాద్రపదంలో మా ముర్రా గేదె ఈనింది. మొదటి మూడు రోజుల పాలూ బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెట్టి జున్ను చేశాను. మాకు లెక్క ఉంటుంది, ఏ ఇంటికి పంపాలి, ఏ ఇంటికి పంపకూడదు అని. పద్నాలుగు ఇళ్ళకి పంపాను. పద్నాలుగోది అమలమ్మ వదినది. మా తోడికోడలు రామతులసికి మాత్రం పంపలేదు. చూస్తూ ఉండమని చెప్పి వెళితే, నా వడియాలు కాకులకి వదిలేసి టీవీ చూస్తూ కూర్చున్న మనిషికి జున్నేంటి?

ఆరో రోజు పొద్దున్నే గేదె మేత ముట్టలేదు. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. అరిస్తే గొంతు బొంగురుపోయి, వినలేకపోయాం. మా ఆయన దవడ కింద తడిమి, "తాటిటెంక అడ్డం పడిందే. రాలిన తాటిపళ్ళు తిన్నట్టుంది" అని తేల్చేశాడు. అప్పటికే అరుగు మీద నలుగురు చేరారు. వాళ్ళందరికీ కూడా తాటిటెంక అనే చెప్పాడు. నన్ను వేడినీళ్ళు తెమ్మన్నాడు.

నేను నీళ్ళు కాచి తెచ్చేసరికి పాక బయట నిలబడి తువాలుతో చెయ్యి తుడుచుకుంటున్నాడు. మోచేతి దాకా తడిగా ఉంది.

"నోట్లో చెయ్యి పెట్టావా బావా?"

"అబ్బే. కుడితితొట్టి కడిగాను సంపూర్ణా."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆయన నన్ను 'ఒసేయ్' అంటాడు, 'ఇదిగో' అంటాడు, కోపమొస్తే 'నీ యమ్మ' అని తన సొంత మేనమామ భార్యని, అంటే మా అమ్మనే తిడతాడు. పేరు పెట్టి మెత్తగా పిలిచాడంటే అబద్ధమాడుతున్నాడని అర్థం. చిన్నప్పుడు మా పెరట్లో జామకాయలు దొంగిలించి కూడా అలాగే పిలిచేవాడు. పైగా ఆ పొద్దునే కొబ్బరికాయ వలుస్తూ కుడిచేతి బొటనవేలు చీరుకున్నాడు. పసుపు పెట్టింది నేనే.

రెండు రోజులకి గేదె చచ్చిపోయింది. మైలవరం నుంచి పశువుల డాక్టరుగారు వచ్చారు. "ఈ మధ్య కుక్కేమైనా కరిచిందామ్మా?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. ఆషాఢంలో ఎక్కడి కుక్కో పాకలోకి దూరి గేదె ముట్టె మీద కరిచింది. పసుపు రాసి ఊరుకున్నాం. డాక్టరుగారి మొహం మారిపోయింది. మెదడు ముక్క తీసి బెజవాడ ల్యాబుకి పంపారు. దూడకి సూదులు మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నానికల్లా ఫోనొచ్చింది. పిచ్చికుక్క జబ్బే. రేబిస్.

ఆ సాయంత్రమే ఏఎన్ఎమ్ హెప్సిబా రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చింది. చిన్నపిల్లే గానీ గట్టిది. మా ఆయన కుర్చీలో, నేను గుమ్మంలో. ఎవరెవరికి జున్ను పంపారో చెప్పమంది. నేను ఇళ్ళ పేర్లు చెబుతూ పదమూడు దగ్గర ఆగాను.

"ఇంతేనా పిన్నిగారూ?"

ఇంతే అనబోయాను. కానీ అది చావుబతుకుల సంగతి. "అంతోనిగారిల్లు కూడా రాయమ్మా" అన్నాను.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఆ ఇంటికా! ఎన్నాళ్ళ నుంచి?"

"పదిహేనేళ్ళ నుంచి. మొన్న జున్నే కాదు, ప్రతి ఏడూ నీ తోట బంగినపల్లి పళ్ళు కూడా. నా అబద్ధం నేను చెప్పేశాను బావా. ఇప్పుడు నీది చెప్పు."

"నాకేం అబద్ధముందే?"

"దాని నోట్లో చెయ్యి పెట్టావు."

ఆయన హెప్సిబా వైపు చూశాడు, రిజిస్టరు వైపు చూశాడు. తర్వాత గొంతు మెత్తబడింది. "లేదు సంపూర్ణా. నోటి దగ్గరికే పోలేదు. నేను చెప్పానుగా, అది తాటిటెంక. ల్యాబువాళ్ళకేం తెలుసు?" కండువా దులిపి తోటకి వెళ్ళిపోయాడు.

ఎందుకు ఒప్పుకోడో నాకు తెలుసు. తాటిటెంక అని ఊరంతటికీ చెప్పాడు. చెయ్యి పెట్టి వెతికి కూడా టెంక లేదని తెలుసుకోలేకపోయాడంటే ఇక ఆ చేతిని ఎవడు పిలుస్తాడు? దానికి తోడు సూది. సూది అంటే ఆయనకి అంతోనిగారే.

హెప్సిబా నా పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. కాచిన పాలలో, ఉడికిన జున్నులో ఆ వైరస్ బతకదు. తిన్నవాళ్ళెవరూ భయపడనక్కర్లేదు. భయమల్లా చొంగతోనే. తెగిన చోట చొంగ తగిలితే లోపలికి పోతుంది, నరాల వెంట పాకుతూ మెదడుకి చేరుతుంది. అది చేరేలోపు టీకా పడితే మనిషికి ఏమీ కాదు. జబ్బు బయటపడ్డాక మాత్రం లోకంలో మందు లేదు.

"అయితే పట్టుకుని గుచ్చెయ్యమ్మా" అన్నాను.

"కాదన్న మనిషిని ఎలా గుచ్చుతాను పిన్నిగారూ? రేపు పంచాయతీ ఆఫీసు దగ్గర క్యాంపు పెడుతున్నాం. మా పీహెచ్‌సీ డాక్టరుగారు కూడా వస్తారు. గాయంలో వేసే మందూ తెప్పిస్తాను. ఆయన నోటితో ఆయన చెబితే చాలు."

ఆ పిల్ల వెళ్ళాక గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. నాకు ఆయనంటే ఒళ్ళుమంట నిజమే, కానీ ఆయన లేకపోతే నాకు ఇంకెవరున్నారు తిట్టుకోవడానికి? కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, ఇలా కాదులే అనుకుని అంతోనిగారింటికి బయలుదేరాను. ఈసారి వీధిగుమ్మంలోంచే వెళ్ళాను.

అమలమ్మ వదిన చాట పక్కన పెట్టి లేచింది. అంతోనిగారు పడక్కుర్చీలో ఉన్నారు. సంగతంతా చెప్పాను.

"అన్నయ్యా, మీరొక్క సాయం చెయ్యాలి. రేపు అందరి ముందూ, మా గేదె నోట్లో చెయ్యి పెట్టి చూసింది మీరేనని చెప్పండి. మిగతాది మా బావ నోరే చూసుకుంటుంది. ఆ మాట మీకు దక్కిందంటే ఆయన ఒక్క నిమిషం ఓర్చుకోలేడు."

అంతోనిగారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ చేతుల వైపు చూస్తూ ఉండిపోయారు. చర్చికి వెళ్ళే మనిషి, అబద్ధం చెప్పడానికి వెనకాడుతున్నారనుకున్నాను.

"పాపమైతే నా మీద వేసుకుంటాను అన్నయ్యా. ఫాదరుగారి దగ్గరికి నేనే వచ్చి చెబుతాను" అన్నాను.

"అక్కర్లేదులే చెల్లెమ్మా" అన్నారు. "ఆ మాట నేను చెప్పగలను."

ఆదివారం పొద్దున పంచాయతీ వరండాలో టేబులు వేసి డాక్టరుగారు కూర్చున్నారు. హెప్సిబా మైకు పట్టుకుని మూడుసార్లు చెప్పింది, జున్ను తిన్నవాళ్ళకి సూది అక్కర్లేదు, పచ్చిపాలు తాగినవాళ్ళు, చొంగ తగిలినవాళ్ళు మాత్రమే రావాలని. ఎవరు వింటారండీ? ఊళ్ళో అప్పటికే ఇంకో లెక్క మొదలైంది. లైన్లో ఉన్న ఇల్లు సంపూర్ణమ్మ జున్ను పంపిన ఇల్లు. లైన్లో లేని ఇల్లు పంపని ఇల్లు. అంతే, అరగంటలో లైను పాలకేంద్రం దాటిపోయింది. ఇంత ఊరికి జున్ను పెట్టాలంటే నాకు నలభై గేదెలు కావాలి.

అందరికంటే ముందు మా రామతులసి, పట్టుచీర కట్టుకుని మరీ.

"మేం రెండు గిన్నెలు తిన్నామండీ. అక్క అందరికంటే ముందు మాకే పంపింది."

"ఎప్పుడు పంపానే నీకు?" అన్నాను.

"నీకు మతిమరుపు అక్కా. పంపావు."

"నా వడియాలు కాకులకి పెట్టినదానివి, నీకు జున్ను కూడానా?"

హెప్సిబా పెన్ను ఆపి, "ఉడికింది తిన్నారా, పచ్చిపాలు తాగారా?" అనడిగింది.

రామతులసి ఒక్క క్షణం ఆలోచించింది. "పచ్చిజున్నే తిన్నామండీ. మా ఇంట్లో అదే అలవాటు."

జనం గొల్లుమన్నారు. దాని వెనక శౌరయ్యగారు నిలబడి ఉన్నారు. షుగరు మనిషి. జున్ను ముట్టలేదని ఇంట్లో ఒట్టేసి, మా పాక పక్కన కూర్చుని గిన్నెడు లాగించారు. ఆయన భార్య లైన్లోంచే ఆయన చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. ఇంత జరుగుతుంటే మా ఆయన ఎదురరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి తాటిటెంక గురించి చెబుతున్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను గానీ ఆ బొటనవేలి మీంచి నా చూపు కదల్లేదు.

పదిన్నరకి చర్చిలో పూజ ముగిసింది. అంతోనిగారు తెల్లచొక్కా వేసుకుని, చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని వచ్చారు. వెనక అమలమ్మ వదిన. ఆయన లైన్లో నిలబడలేదు. తిన్నగా టేబులు ముందుకు వెళ్ళారు.

"డాక్టరుగారూ, నా పేరు రాసుకోండి. ఆ గేదె నోట్లో చెయ్యి పెట్టింది నేను."

మా ఆయన కాలు కిందికి దిగింది.

"గొంతు దాకా పెట్టి చూశాను" అన్నారు అంతోనిగారు. "టెంక ఎంత లోపల ఉందో చూడాలంటే చెయ్యి అలవాటున్న మనిషి కావాలి కదండీ."

ఆ చివరి మాట నేను చెప్పమనలేదు. అది ఆయన సొంతం. మా ఆయన అరుగు మీంచి ఒక్క దూకు దూకాడు.

"ఎవడూ! వీడా? మా గేదె నోట్లో వీడు చెయ్యి పెట్టాడా? సూది గుచ్చి పారిపోయేవాడు! వీడికి మణికట్టు దాకా కూడా దూరదండీ! మోచేతి దాకా పెట్టింది నేను! నాలుక ఒక పక్కకి తోసి, దవడపళ్ళు దాటించి, గొంతు మొదలంతా తడిమింది ఈ చెయ్యి! ఇదిగో చూడండి, పన్ను గీరుకున్న గుర్తు! వీడికేదీ గుర్తు? చూపించమనండి!"

చొక్కా చెయ్యి పైకి లాగి ఊరందరికీ చూపించాడు. మోచేతికి బెత్తెడు కింద ఎర్రటి గీత. ఆ గీత సంగతి నాకు కూడా తెలియదు.

"రాయమ్మా హెప్సిబా!" అని అరిచాను. "మోచేతి దాకా! పన్నుగీతతో సహా రాయి!"

అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. చెయ్యి పైకి పెట్టినవాడు పెట్టినట్టే నిలబడిపోయాడు. హెప్సిబా వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. "రండి బాబాయిగారూ, ముందు సబ్బుతో కడుగుదాం" అని కుళాయి దగ్గరికి నడిపించుకుపోయింది.

"ఇది నీ పనే కదే?" అన్నాడు నన్ను దాటుతూ.

"నా పనే. ఏం చేస్తావు?"

పావుగంట కడిగారు. రెండు భుజాలకీ టీకా వేశారు. పన్నుగీత చుట్టూ, బొటనవేలి చీలిక చుట్టూ మందు ఎక్కించారు. అయిదూళ్ళ గేదెల దవడలు విరిచి పట్టుకున్న మనిషి 'అమ్మా' అన్నాడు. పిల్లలు నవ్వారు. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ రావాలని హెప్సిబా చీటీ రాసి, ఆయనకివ్వకుండా నా చేతికిచ్చింది. తెలివైన పిల్ల.

నా ప్రాణం కుదుటపడ్డాక అంతోనిగారి దగ్గరికి వెళ్ళాను. "ఎంత బాగా చెప్పారన్నయ్యా! మీరు కాంపౌండరేంటి, నాటకాల్లో ఉండాల్సినవాళ్ళు!"

ఆయన నా వైపు చూడలేదు. చొక్కా చేతి గుండీ విప్పుతున్నారు. అమలమ్మ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"నాటకం కాదు చెల్లెమ్మా" అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు.

"గేదె మేత మానేసిన రోజు మధ్యాహ్నం దాని అరుపు మా ఇంటి దాకా వినపడింది. అన్నం తింటున్నాను. ముద్ద దిగలేదు. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు మీ దొడ్లోకి వచ్చాను. మీరిద్దరూ లోపల పడుకుని ఉన్నారు. చెయ్యి పెట్టేశాను. గ్లౌజులు ఇంట్లో డబ్బాడున్నాయి, వేసుకోవాలని కూడా తోచలేదు. చొంగ కారే గొడ్డు నోట్లో చెయ్యి పెట్టొద్దని ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి నేను." చొక్కా చెయ్యి మడిచారు. వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. "సిగ్గేసింది. ఎవరికీ చెప్పలేదు. నిన్న నువ్వు వచ్చాక ఆవిడకి చెప్పాను. నువ్వు రాకపోయి ఉంటే చెప్పేవాణ్ణి కాదేమో."

నిన్న ఆ మనిషిని అబద్ధం చెప్పమని బతిమాలాను, పాపం నా మీద వేసుకుంటానని కూడా అన్నాను. నేను నా మొగుడి కోసం వెళ్ళకపోతే ఆ ఇల్లు ఏమైపోయేది? భయమూ కోపమూ కలిసి వచ్చాయి. "మీకు చదువుందండీ! మా వాడికైతే బుద్ధి లేదు, మీకేమైంది?" అని అందరి ముందూ కేకలేశాను. ఆయన తలవంచుకుని పడ్డారు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సబ్బు" అంది హెప్సిబా. ఆయన కూడా కుళాయి దగ్గర పావుగంట కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడు మా ఆయన లేచాడు. బొటనవేలికి కట్టు, చొక్కా సగం తొడుక్కుని ఉన్నాడు. జనం జరిగి దారి ఇచ్చారు. నా పాకలోకి, నేను పడుకున్నప్పుడు, నా గేదె మీద చెయ్యి వేస్తావా అని గొడవకి దిగుతాడని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుని అడ్డం వెళ్ళబోయాను.

ఆయన అంతోనిగారి ముందు ఆగాడు. తోలు లేచిన ఆ వేళ్ళకేసి చూశాడు.

"నీ చేతికి టెంకేమన్నా తగిలిందా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"లేదు. ఖాళీ."

మా ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. హెప్సిబా సూది గుచ్చుతుంటే అంతోనిగారి మోచెయ్యి కదలకుండా తన ఎడం చేత్తో పట్టుకున్నాడు.

"నాకూ ఏం తగల్లేదు అంతోనీ" అన్నాడు.